పావ్లోవా పలకని పూట

డెస్మండ్ కెరెయామా ఆ ఉదయానికి వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ముందు పన్ను పీకించుకోవాలి. తరవాత తిన్నగా ఆఫీసుకు చేరాలి. పదింటికి పెద్ద సర్వర్ తనంతట తాను ఆగుతుంది కనుక, ఆలోగా పనంతా పక్కనున్న చిన్న సర్వర్ మీదికి మళ్ళించాలి. పెద్దది ఆగి, ప్యాచ్ అనే మాటు వేయించుకుని, మళ్ళీ లేస్తుంది. అప్పుడు పనిని తిరిగి దానికే అప్పగించాలి. ఈ తతంగమంతా కహికా పాల సంఘంలో ఒక్క ప్రాణికి కూడా తెలియకుండా జరిగిపోవాలి. అలా తెలియకుండా చేయడమే అతని ఉద్యోగం. పని సవ్యంగా సాగినంతకాలం అతనొకడున్నాడన్న సంగతి ఎవరికీ గుర్తుకు రాదు. గుర్తుకు వచ్చిన రోజు అతనికి మంచి రోజు కాదు.

ఆ మాటు వేయక తప్పదు. సర్వర్‌లో ఓ కన్నం ఉందనీ, దొంగలు ఆ కన్నంలోంచే దూరుతున్నారనీ దాన్ని తయారుచేసినవాళ్లే చాటింపు వేశారు. అవతలి తీరాన ఓ జున్ను ఫ్యాక్టరీలో దొంగలు అలాగే దూరి కంప్యూటర్లన్నిటికీ తాళాలు వేసేశారు. ఏ ట్యాంకర్ ఏ రైతు దగ్గరికి వెళ్లాలో తెలియక, పితికిన పాలు పితికినట్టే పొలాల్లో పారబోశారట. ఆ వార్త విన్నప్పటి నుంచి డెస్మండ్‌కు నిద్ర లేదు. పట్టిన కాస్త నిద్రలోనూ పళ్లు పటపట కొరుకుతున్నాడు. అలా కొరికి కొరికే దవడ పన్ను చీలింది. అసలే అక్టోబరు, అక్కడ వసంతం. తరనాకి కొండ చుట్టూ గడ్డి మోకాలెత్తు పెరిగి, ఆవులు పాత్రలు చాలనంత పాలిచ్చే నెల. ట్యాంకర్లు ఒక పూట ఆగితే సాయంత్రం పిండిన పాలు పోయడానికి రైతు దగ్గర తొట్టె ఖాళీ ఉండదు. సర్వర్‌కు మాటు వేయకపోతే దొంగల భయం. వేయడానికి ఆపితే ఆవుల భయం.

అందుకే అతను కిందటివారం అందరినీ భోజనాల గదిలో కూర్చోబెట్టి గంటసేపు పాఠం చెప్పాడు. "ఎవరు ఫోన్ చేసినా నమ్మొద్దు. నా గొంతులా వినిపించినా నమ్మొద్దు. నా మొహంలా కనిపించినా నమ్మొద్దు. ఈ మధ్య గొంతులూ మొహాలూ అన్నీ తయారుచేసేస్తున్నారు. నేనేనని రుజువు కావాలంటే ఒకటే మాట అడగండి. పావ్లోవా. అది నోటితో చెప్పాలి, కాగితం మీద రాసిస్తే చెల్లదు. కాగితాలు దొంగిలించొచ్చు" అన్నాడు. పుట్టినరోజుకి వాళ్లమ్మ చేసే ఆ తెల్లటి మీగడ మిఠాయి పేరైతే తను ఎప్పటికీ మరిచిపోడని దాన్ని ఎంచుకున్నాడు.

అంతటితో ఆగితే బాగుండేది. "ఈ వారంలో ఏదో ఒక రోజు నేనే మిమ్మల్ని పరీక్షిస్తాను. ఏడుస్తాను, బతిమాలతాను, బెదిరిస్తాను. కరిగారో, ఓడిపోయినట్టే" అని కూడా అన్నాడు. ముందు బల్ల దగ్గర కూర్చునే నోలీన్ ట్రెగర్తన్ కంప్యూటర్లో ఓ ఎర్ర బొత్తం కూడా పెట్టాడు. అనుమానం వస్తే దాన్ని నొక్కాలి. నొక్కితే డెస్మండ్ ఖాతాతో సహా అన్నీ మూతపడతాయి, తలుపుల కార్డులన్నీ చచ్చుబడతాయి. నొక్కడం నోలీన్ చేతిలో ఉంది. విప్పడం మాత్రం సర్వర్ గదిలోని కీబోర్డు మీద పెద్ద పాస్‌వర్డ్ కొడితేనే. ఆ పాస్‌వర్డ్ డెస్మండ్ ఒక్కడికే తెలుసు.

"ఎంత జాగ్రత్త నాయనా నీకు!" అని నోలీన్ ఆరోజు మురిసిపోయింది. అరవై దాటిన మనిషి. అందరూ ఆమెకు నాయనలే.

పన్ను సులువుగా రాలేదు. మూడు ముక్కలైంది. డాక్టరమ్మ ఒక సూది వేసి, చాలక ఇంకోటి వేసి, "కాస్త కదలకండి" అంటూ చాలాసేపు తవ్వింది. ఆమె వెనక గోడ గడియారం మాత్రం ఆగకుండా కదులుతోంది. డెస్మండ్ నోరంతా తెరుచుకుని, కళ్లతో ఆ గడియారాన్ని ఆపడానికి ప్రయత్నించాడు. బయటపడేసరికి పదికి పాతిక నిమిషాలే ఉంది. సర్వర్‌ను చూసుకుంటూ రాత్రంతా వెలిగి ఉన్న అతని ఫోను తెల్లారేసరికి ప్రాణం వదిలింది. ఆసుపత్రి ఫోను అడిగి తీసుకుని ఆఫీసుకు చేశాడు.

పెదవులు తన మొహానికి ఉన్నాయో లేవో అతనికి తెలియడం లేదు. నోరు తెరిచాక తెలిసింది.

"నోలీన్ గారూ, నేను డెస్హండ్‌ని! హదింటికి హెద్ద సర్హర్ ఆగిహోతుంది!"

"ఎవరు నాయనా?"

"డెస్హండ్!"

"మా డెస్మండ్ తన పేరు తను పలకగలడు నాయనా. అయినా ఇది మా ఆఫీసు నంబరు కాదే. ఎక్కణ్ణించి చేస్తున్నావు?"

"హళ్ల డాక్టర్ దగ్గర్నించి! నాకు హత్తు ఇచ్చారు! హూతి హొద్దుబారింది!"

"అబ్బబ్బ, ఏం గొంతు పెట్టావు! సరే, ఆ ఒక్క మాటా చెప్పు. మిఠాయి పేరు."

డెస్మండ్ ఊపిరి పీల్చుకున్నాడు. పెదవులు రెండూ వేళ్లతో పట్టుకుని దగ్గరికి నొక్కాడు. "హాహ్లోహా" అన్నాడు.

ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నోలీన్ ఎవరితోనో గుసగుసగా అనడం అతనికి స్పష్టంగా వినిపించింది. "టూయీ! వచ్చింది! పరీక్ష వచ్చేసింది! ఏం నటన అనుకున్నావు, నోట్లో దూది పెట్టుకున్నట్టున్నాడు!" తరవాత మళ్ళీ ఫోనులోకి, చాలా మర్యాదగా, "క్షమించు నాయనా. నేను బొత్తం నొక్కేస్తున్నాను" అంది.

"హద్దు! హద్దు! నొక్కహద్దు!"

టిక్కుమని చప్పుడు వినిపించింది. పళ్ల డాక్టరు ఆవరణలో నిలబడి డెస్మండ్ తన ఖాతా మూతపడటం చెవులారా విన్నాడు.

ఆఫీసు ఎంతో దూరం లేదు. కానీ సగం దారిలో ఓ రైతు పాలు పిండించుకున్న ఆవుల మందను రోడ్డు దాటిస్తున్నాడు. పాలు ఇచ్చేసిన ఆవుకు తొందరేముంటుంది? ఒకటి కారు ముందు ఆగి, అద్దంలోంచి డెస్మండ్ వాచిన బుగ్గను తీరిగ్గా చూసింది. డెస్మండ్ హారన్ మోగించాడు. మందలో సగం బెదిరి, దాటినవి దాటినట్టే వెనక్కి తిరిగి వచ్చేశాయి. రైతు అతని వైపు చూసిన చూపు గురించి చెప్పకపోవడమే మంచిది.

ఆఫీసు తలుపు దగ్గర కార్డు పెడితే ఎర్ర దీపం వెలిగింది. అద్దాల తలుపు అవతల నోలీన్ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆమె మొహంలో పరీక్షలో మొదటి ర్యాంకు రాబోతున్న పిల్ల ఆనందం.

"తలుహు తీయండి!"

"ఓహో, స్వయంగా వచ్చావన్నమాట! బుగ్గలో ఏం పెట్టావు, టెన్నిస్ బంతా?"

"నోలీన్ గారూ, దయచేసి! ఇది హరీక్ష కాదు!"

"ఇది పరీక్ష కాదంటాడనీ చెప్పాడు" అని నోలీన్ తనలో తాను తలూపింది. నిజానికి డెస్మండ్ ఆ మాట చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేదని అతనికే ఆ వారం అనిపించింది కూడా. "మిఠాయి పేరు చెప్పు నాయనా, తీసేస్తాను. ఒక్క మాటేగా."

డెస్మండ్ నుదురు అద్దానికి ఆనించి, ప్రాణమంతా పెదవుల్లోకి తెచ్చుకుని ప్రయత్నించాడు. "హాహ్... ఫుఫ్... హాహ్లో..." నోట్లోంచి దూదీ, కాస్త నెత్తురూ జారి గడ్డం మీదికి వచ్చాయి.

"రక్తం కూడానా!" నోలీన్ చప్పట్లు కొట్టింది. "ఇంత శ్రమ పడ్డావు కనుక చెబుతున్నా, నేను కరగను."

అతను జేబులోంచి కాగితం తీసి పావ్లోవా అని రాసి అద్దానికి అంటించాడు. నోలీన్ జాలిగా తల అడ్డంగా ఊపింది. కాగితం చెల్లదు. అతను పెట్టిన నియమమే.

ఇక అక్కడ నిలబడి లాభం లేదని ట్యాంకర్లు నిలిపే ఆవరణ వైపు పరిగెత్తాడు. అక్కడికి తలుపు లేదు, ట్యాంకర్లను కడిగే కొట్టం మీదుగా వెళ్లాలి. నీటి గొట్టాలు పైనుంచి జల్లు కొడుతున్నాయి. డెస్మండ్ అందులోంచే వెళ్లాడు. ట్యాంకర్లను పంపించే గదిలోకి అతను అడుగుపెట్టేసరికి బట్టల నుంచి సబ్బు నీళ్లు కారుతున్నాయి. టూయీ న్గారేవా గోడ నిండా ఉన్న స్క్రీన్ల ముందు కూర్చుని ఉంది. స్క్రీన్ల మీద పచ్చ చుక్కలు కదులుతున్నాయి. ఒక్కో చుక్క ఒక్కో ట్యాంకర్. చుట్టుపక్కల ప్రతి రైతు తొట్టెలో పాలు ఎంత ఎత్తున ఉన్నాయో కూడా అక్కడే కనిపిస్తుంది.

టూయీ అతన్ని ఎగాదిగా చూసి పగలబడి నవ్వింది. "తమ్ముడూ, నువ్వు ఈ ఊళ్లో ఎందుకున్నావు? సినిమాల్లోకి పో!"

"అక్కా, నిజంగా... హది..."

గోడ మీద స్క్రీన్లు ఒక్కసారిగా నల్లబడ్డాయి. పచ్చ చుక్కలన్నీ మాయమయ్యాయి. గదిలో అంతసేపూ ఉన్న చిన్న రొద ఆగిపోయిందని, ఆగాక గాని ఎవరికీ తెలియలేదు.

డెస్మండ్ గోడ గడియారం చూశాడు. సరిగ్గా పది.

"అరె!" టూయీ కుర్చీలో వెనక్కి వాలింది. "స్క్రీన్లు కూడా ఆపేశావా? ఇంత పెద్ద పరీక్ష అని చెప్పలేదే." ఆమె మైకు తీసుకుంది. "డ్రైవర్లందరికీ. భద్రతా పరీక్ష నడుస్తోంది. ఎక్కడివాళ్లు అక్కడే ఆగండి, ఏమీ ముట్టుకోవద్దు. టీ తాగండి."

"ఆగహద్దు! ఆగహద్దు!" అని డెస్మండ్ అరిచాడు.

"చూశారా, ఎలా తొందరపెడుతున్నాడో" అంది టూయీ మైకులోనే. "తొందరపెట్టేవాణ్ణే అనుమానించమన్నాడు. ఎవరూ కదలొద్దు."

తరనాకి జిల్లా మొత్తం మీద పాల ట్యాంకర్లు రోడ్డు పక్కకు తీసి ఆగిపోయాయి. డ్రైవర్లు ఫ్లాస్కులు తెరిచారు. అంతలోనే టూయీ బల్ల మీద ఫోను మోగడం మొదలైంది. ఒక రైతు తొట్టె నిండిపోయిందంటున్నాడు. ఇంకొకడు అయిదు నిమిషాల్లో పొంగుతుందంటున్నాడు. మూడోవాడు మాట్లాడటం లేదు, తిడుతున్నాడు. టూయీ మొహంలోని నవ్వు కొద్దికొద్దిగా తగ్గసాగింది.

"తమ్ముడూ," అంది ఫోను కింద పెట్టి, "ఇది నిజంగా పరీక్షేనా?"

డెస్మండ్ సమాధానం చెప్పడానికి అక్కడ లేడు. సర్వర్ గది వైపు పరిగెత్తాడు.

సర్వర్ గది తలుపుకు లోపలి పిడి వదులై చాలా రోజులైంది. బాగు చేయించాలని డెస్మండ్ రోజూ అనుకుంటాడు. లోపల చిక్కుకుపోకుండా ఉండటానికి, తలుపు పూర్తిగా పడకుండా ఓ అట్టముక్క మడిచి సందులో పెట్టడం అతని అలవాటు. ఇప్పుడు ఆ అట్టముక్క బయట నేల మీద పడి ఉంది. తలుపు మూసుకుని ఉంది. కార్డు పెట్టాడు. ఎర్ర దీపం. తలుపుకు ఉన్న చిన్న అద్దంలోంచి లోపలికి చూశాడు.

లోపల ఒక మనిషి ఉన్నాడు.

బలిష్ఠంగా, పసుపుపచ్చ రక్షణ కోటు వేసుకుని, మడత నిచ్చెన మీద కూర్చుని, మాంసం కూరిన పై రొట్టె తింటున్నాడు. అతని ఒళ్లో తలుపు పిడి ఉంది. అతని వెనక పెద్ద సర్వర్ దీపాలు మిణుకుమిణుకుమంటున్నాయి.

అయితే ఇది తన మాటు వల్ల ఆగినది కాదన్నమాట! దొంగ కన్నంలోంచి రాలేదు, తలుపులోంచే వచ్చాడు. ఏ జున్ను ఫ్యాక్టరీ సంగతి తలుచుకుని ఇన్నాళ్లూ పళ్లు కొరికాడో, అది ఇప్పుడు తన అట్టముక్కను తన్నేసుకుని లోపలికి వెళ్లి నింపాదిగా పై రొట్టె తింటోంది.

ఆ మనిషి డెస్మండ్‌ను చూసి లేచి పరిగెత్తుకొచ్చాడు. నోరు పెద్దగా కదిలిస్తూ ఏదో అరుస్తున్నాడు. ఫ్యాన్ల హోరులో ఒక్క మాట వినిపించడం లేదు. పిడి చూపించాడు. తలుపు చూపించాడు. దండం పెట్టాడు. వెనక్కి తిరిగి సర్వర్ స్క్రీన్ చూపించాడు. దాని మీద ఒకే ఒక వాక్యం వెలుగుతోంది. మాటు పడింది, పాస్‌వర్డ్ ఇస్తే పని మొదలుపెడతానని.

డెస్మండ్ ఆ అద్దం ముందు నిలబడిన ఆ కాసేపటి కంటే పొడుగాటి సమయం అతని జీవితంలో ఇంకోటి లేదు. ఒకవైపు పొంగుతున్న తొట్టెలు. ఇంకోవైపు దొంగ. సర్వర్ లేవాలంటే లోపల ఓ మనిషి చెయ్యి కావాలి. లోపల ఉన్నవి దొంగ చేతులు మాత్రమే. దొంగకు ఎలాగూ లోపలికి దారి దొరికింది, ఇక దాచడానికేముంది అని మనసులో ఒక గొంతు అంది. అదే గొంతు కిందటివారం భోజనాల గదిలో గంటసేపు ఇంకోలా మాట్లాడింది.

వెనక నుంచి టూయీ కేక వినిపించింది. "తమ్ముడూ! హోలిస్‌వాళ్ల తొట్టె పొంగింది! పాలు రోడ్డెక్కాయి!"

నడవా గోడ మీద తనే అంటించిన పెద్ద పోస్టరు ఉంది. దాని మీద 'పాస్‌వర్డ్ మీ పళ్ల బ్రష్షులాంటిది, ఎవరికీ ఇవ్వొద్దు' అని రాసి ఉంది. డెస్మండ్ దాన్ని పీకి, వెనక్కి తిప్పి, తెల్లటి వైపు మార్కరుతో అరచేయంత అక్షరాల్లో పెద్ద పాస్‌వర్డ్ రాశాడు. ఆవులు ఆగవు అన్న రెండు మాటలు, ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్య ఖాళీ లేకుండా, చివర ఒక ఆశ్చర్యార్థకం. ఆ పోస్టరును అద్దానికి ఆనించి పట్టుకున్నాడు.

లోపలి మనిషి చదివాడు. నోరు తెరిచాడు. వెంటనే కీబోర్డు దగ్గరికి వెళ్లలేదు. వేలెత్తి, "నిజంగానా?" అన్నట్టు సైగ చేశాడు. డెస్మండ్ గట్టిగా తలూపాడు. ఆ మనిషి కొట్టాడు. పని చేయలేదు. మొదటి అక్షరం పెద్దదా చిన్నదా అని సైగ చేసి అడిగాడు. పెద్దదేనని డెస్మండ్ రెండు చేతులూ ఆకాశానికెత్తి చెప్పాడు.

మళ్ళీ కొట్టాడు.

పంపించే గదిలోంచి టూయీ వేసిన కేక నడవా అంతా మారుమోగింది. "వచ్చాయి! చుక్కలొచ్చాయి!" ఆ వెంటనే మైకులో, "డ్రైవర్లందరికీ! టీలు పారబోయండి! కదలండి! హోలిస్ దగ్గరికి ఇద్దరు వెళ్లండి!"

సంఘం మేనేజరు గ్లెనిస్ రడక్ అప్పుడే వచ్చింది. పరీక్ష ఎంత బాగా జరుగుతోందో నోలీన్ ఫోన్ చేసి చెబితే, రైతుల సమావేశం సగంలో వదిలేసి చూడటానికి వచ్చింది. ఆమె దగ్గర ఇనప తాళంచెవి ఒకటి ఉంది. దానికి ఎర్ర బొత్తంతో పనిలేదు. ఆమె తలుపు తెరిచిందో లేదో డెస్మండ్ ఆ మనిషి కోటు పట్టుకుని, ప, బ, మ, వలు ఒక్కటీ లేని కారణంగా స్పష్టంగా నోరు తిరిగిన ఒకే ఒక మాట అరిచాడు.

"దొంగ! దొంగ!"

ఆ కేకకు టూయీ వచ్చి, ప్రశ్నలేమీ వేయకుండా, ఆ మనిషిని నిచ్చెన మీద వెనక్కి కూర్చోబెట్టి అతని భుజాల మీద తన బరువంతా మోపింది.

"వదలండమ్మా, వదలండి!" అంది గ్లెనిస్. "ఇతను ఆక్లండ్ నుంచి వచ్చిన క్రిస్పిన్ వైయెగా. మన భద్రత ఎలా ఉందో చూడమని నేనే రప్పించాను. చెప్పేస్తే ఇంకేం పరీక్ష అని డెస్మండ్‌కు కూడా చెప్పలేదు."

"అరగంట నుంచి తలుపు బాదుతున్నాను" అన్నాడు క్రిస్పిన్ ఊపిరందక. "అక్కా, కాస్త భుజం."

మధ్యాహ్నం భోజనాల గదిలో అందరూ చేరారు. నోలీన్ వేడివేడి జున్ను స్కోన్ రొట్టెలు తెచ్చింది. చివరి ట్యాంకర్ ఖాళీ అయింది. హోలిస్ ఒక్కడికి తప్ప ఎవరికీ చుక్క పాలు పోలేదు, అతనికీ పోయినవి కొద్దే. డెస్మండ్ మూల కుర్చీలో కూర్చున్నాడు. ఒంటి మీద ఎవరిదో డ్రైవరు కోటు ఉంది. చాలా రోజుల తరవాత మొదటిసారి అతని దవడ బిగుసుకోలేదు. దొంగ దొంగ కాదు. సర్వర్‌కు మాటు పడింది. ట్యాంకర్లు నడుస్తున్నాయి. అతనికి ఏడవాలనీ నవ్వాలనీ అనిపించింది కానీ పెదవులు రెంటికీ పనికిరాలేదు.

గ్లెనిస్ అడగడంతో క్రిస్పిన్ లేచి నిలబడ్డాడు.

"ఎన్నో ఆఫీసుల్లో ఈ పని చేశాను కానీ ఇలాంటి మనుషుల్ని చూడలేదు" అన్నాడు. "నిన్న నేను బ్యాంకు మనిషినని నోలీన్ గారికి ఫోన్ చేశాను, పన్నులాఫీసు వాణ్ణని చేశాను, ఆవిడ మేనల్లుణ్ణని కూడా చేశాను. మేనల్లుడికి క్షేమ సమాచారాలు చెప్పి పెట్టేశారు గాని ఒక్క ముక్క బయటపెట్టలేదు. టూయీ గారి సంగతి నా భుజాలు చెబుతాయి." అందరూ నవ్వారు. నోలీన్ కళ్లు తుడుచుకుంది. "సర్వర్ గదిలోకి మాత్రం సులువుగానే వెళ్లాను, ఎవరో అట్టముక్క పెట్టి తలుపు తెరిచి ఉంచారు. అయినా ఏం లాభం? లోపల గంటకు పైగా కూర్చున్నాను. పాస్‌వర్డ్ లేదు. ఏమీ చేయలేకపోయాను. ఓడిపోయాననే రాసుకుందామనుకున్నాను."

అతను స్కోన్ కొరికి, నమిలి, మింగాడు.

"అప్పుడు ఒకాయన వచ్చాడు. నేను అడగలేదు. నేనెవరో ఆయనకు తెలియదు, దొంగననే అనుకుంటున్నాడు. ఆయన నాకు మొత్తం కంపెనీ పాస్‌వర్డ్ అరచేయంత అక్షరాలతో రాసి చూపించాడు. నాకు అర్థం కాకపోతే ఏది పెద్దక్షరమో కూడా ఓపిగ్గా చెప్పాడు. నా ఉద్యోగంలో ఎవరూ ఇంత సాయం చేయలేదు."

నోలీన్ స్కోన్ల పళ్లెం కింద పెట్టింది.

"ఎవరా తెలివితక్కువవాడు?" అంది గ్లెనిస్ కోపంగా.

క్రిస్పిన్ మంచివాడు, నేల వైపు చూశాడు. కానీ అతనొక్కడే నేల వైపు చూస్తే ఏం లాభం? మిగతా అందరూ మూల కుర్చీ వైపు చూస్తున్నారు.

ఆ సాయంత్రమే పెద్ద పాస్‌వర్డ్ మార్చి, గ్లెనిస్ దాన్ని నోలీన్‌కు అప్పగించింది. డెస్మండ్ వెళ్లి అడిగితే ఆమె సర్వర్ గదికి వచ్చి స్వయంగా కొట్టిపెడుతుంది, ఆ కాసేపూ అతను గోడ వైపు తిరిగి నిలబడాలి.